మూడో పొద్దు

మద్దిలేటమ్మ మళ్లీ వచ్చింది.
బేతంచెర్ల బస్సు దిగి, కర్నూలు పెద్దాసుపత్రిలో
మా ల్యాబు కిటికీ ముందు
చెంగు కింద డబ్బా దాచుకోని నిలబడింది,
దొంగసొమ్ము తెచ్చినట్టు.

"సూదులు పెట్టి కుట్టినట్టు ఉండాది సార్.
రాత్రికి పదిమార్లు లేస్తాండా.
మీ కాయితమేమో ఏం లేదంటాది."

నిజమే. నాలుగుసార్లూ నేనే రాసినా
ఎర్రసిరాతో: నో గ్రోత్.
మొలిచిందేమీ లేదని.
ఒక డాక్టరు నవ్వినాడంట,
నీ జబ్బు మనసులో ఉందని.
ఆమె మనసులో ఉండేదల్లా
నాపరాళ్ల పాలిషింగు మిషను, దాని తెల్లబురద,
మగోళ్ల నడుమ మరుగు లేని ఎనిమిది గంటలు,
తాగకుండానే ఇంటికి తిరిగొచ్చే నీళ్లబాటిలు.

మా రూలు ఇదీ:
గొర్రెనెత్తురు కలిపిన పళ్లెంలో చుక్క గీసి
వెచ్చని పెట్టెలో ఒక్క రాత్రి.
తెల్లారేసరికి లేచినోళ్లకే హాజరు.
ఈ.కోలి ఎప్పుడూ ముందు బెంచీ,
పేరు పిలవకముందే "ఉన్నా సార్" అంటాది.
ఆలస్యంగా లేచేవాటిని
బ్లీచింగు బకెట్లో పడేస్తాం.

ఈసారి పడేయలేదు.
ఎందుకో చెప్పలేను. డబ్బా మూత మీద
పేలిక కట్టి దారంతో మూడు ముడులేసింది ఆమె;
అవి విప్పడానికే ఐదు నిమిషాలు పట్టింది నాకు.
ఊరగాయ జాడీ అంత గాజుసీసాలో
పళ్లెం పెట్టి, పక్కన కొవ్వొత్తి వెలిగించి
మూత బిగించినా.
లోపలి గాలి తాగి తాగి
మంట తనంతట తానే ఆరిపోయింది.
ఊపిరి తక్కువైన చోటే బతికేవి కొన్నుంటాయి.

ఒక పొద్దు. ఏమీ లేదు.
రెండో పొద్దు ఆదివారం.
మూడో పొద్దు, పళ్లేన్ని వెలుతురుకు వంచి చూస్తే
జల్లెడలోంచి జొన్నపిండి రాలినట్టు
బూడిదరంగు, కంటికి ఆనీ ఆనని చుక్కలు.
వందలు.

రంగేసి, మైక్రోస్కోపు కింద పెట్టి,
పుస్తకం తిరగేసి మేడం చెప్పిన పేరు
నాకు నోరు తిరగలేదు.
ఫారంలో దానికి గడి కూడా లేదు;
అంచున నిలువుగా రాసినా.

కాయితం చేతికిస్తే
మందు సంగతి అడగలేదు మద్దిలేటమ్మ.
"అయితే నేను చెప్పింది నిజమేనా సార్?"
వెనక వరసలో ఉన్న ఎవరో తెలియనామెకు
అదే మాట రెండుసార్లు చెప్పింది.

సాయంత్రం పాత రిజిస్టరు తిరగేసినా.
ఎర్రసిరా. ఎర్రసిరా.
ఆత్మకూరు, కోడుమూరు, దేవనకొండ,
ఎక్కువగా ఆడపేర్లే.

గేటు బయట అంగట్లో
కొవ్వొత్తుల డబ్బా ఒకటి అడిగితే
"కరెంటు బాగానే ఉండాది గదన్నా"
అన్నాడు అంగడాయన.