పసుపు గుడారం కనిపించినంత మేర

గుడారం మేకులు దిగ్గొడుతూ
ఒకే ఒక్క నియమం పెట్టాను మార్సలీకి:
"మన పసుపు గుడారం కనిపించినంత మేరా నీ ఇష్టం.
కనిపించకపోతే వెనక్కి తిరుగు.
నీళ్లలో మాత్రం మోకాలు దాటొద్దు."
ఒక్కటే అన్నానా, అప్పుడే రెండయ్యాయి.
ఎనిమిదేళ్ల పిల్ల. మెడలో ఈల,
జేబులో సగం కొరికిన ఓట్ బిస్కెట్టు.
తలూపి పోయింది.

హెబ్రిడీస్ దీవిలో జూలై సాయంత్రం ఓ పట్టాన తెమలదు.
పిల్లల్ని వెనక్కి పిలిచే చీకటి
ఇక్కడ బాగా పొద్దుపోయి వస్తుంది.
ఈవెన్ స్టవ్ మీద బీన్స్ కలుపుతున్నాడు.
చిన్నాడు టోర్కిల్ నా బూటులో ఇసుక నింపుతున్నాడు.
నేను లెక్కపెడుతున్నాను:
ఇసుకదిబ్బ, గొర్రెలు, నీలం జాకెట్టు.
ఇసుకదిబ్బ, గొర్రెలు, నీలం జాకెట్టు.
ఇసుకదిబ్బ, గొర్రెలు.

పరుగెత్తలేదు.
చూసేవాళ్లు నడకే అనుకునేటట్టు
గట్టిగా నడిచాను.
పక్క గుడారం ముసలాయన మర్డో
గాలం చిక్కు తీసుకుంటూ, తలెత్తకుండానే
"ఆటు సమయమమ్మా, నీళ్లు వెనక్కి పోతున్నాయి" అన్నాడు.
మంచి మాటే. చెవికెక్కలేదు.
పిలిచిన పేరు పిలిచినట్టే
గాలికి చిరిగిపోతోంది.

అప్పుడు వినిపించింది ఈల,
పొడుగ్గా, తీరిగ్గా, గొప్పలు పోతూ.
కొండ మీద, గొర్రెలకన్నా పైన,
ఆకాశానికి ఊడొచ్చిన గుండీలా
నీలం జాకెట్టు.

తిట్లన్నీ వరసగా పేర్చుకుని
వగరుస్తూ ఎక్కాను.
నోరు తెరిచేలోపే
"కనిపిస్తోందిగా!" అంది.

కనిపిస్తోంది.
అంత కింద గోరంత పసుపు,
పక్కన చీమంత ఈవెన్, చేతిలో గరిటె కాబోలు.
ఎంత ఎత్తెక్కితే అంత దూరం పోవచ్చని
నా మాటలోనే సందు వెతుక్కుంది పిల్ల.

ఒకటో రెండో తిట్టాను,
మోకాళ్లు వణుకుతుంటే మరేం చెయ్యను.
బిస్కెట్టు తుంచి పెట్టింది. ఉప్పగా ఉంది.

పిల్లలు పడుకున్నాక, ఇంకా వెలుగుండగానే
"రేపు నియమం మారుద్దామా?" అన్నాడు ఈవెన్.
స్టవ్ తుడుస్తూ ఉండిపోయాను.

తెల్లారి మర్డోని అడిగి
వాడని గాలం కర్రొకటి తెచ్చాను.
కొసన ఎర్ర తువ్వాలు కట్టి
గుడారం పక్కన పాతాను,
ఆ వెనక కొండకి కూడా ఆనేలా.
గాలి దాన్ని అందుకుని గుంజింది.
ముడి గట్టిదేనా అని
రెండుసార్లు లాగి చూశాను.