తలుపు పక్క కుర్చీ

నల్లచొక్కానే వేసుకుంటాను, చెమట కనపడదని.
లిఫ్టులో నాణెం వేయను. మెట్లమీదైతే
ఎవరైనా ఎదురొచ్చినా పైకో కిందకో తప్పుకోవచ్చు.
త్సియాలా మనవరాలి నామకరణం విందుకి
అందరికన్నా ముందే వెళ్లాను,
తలుపు పక్క కుర్చీ కోసం.

గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను.
రొట్టె అయిపోకముందే రొట్టె తేవడానికి లేచాను.
వంటింట్లో కుళాయి ఒక్కటే నన్నేమీ అడగలేదు.

కానీ విందుపెద్ద ఒటియా ఎవర్నీ వదిలేరకం కాదు.
కొమ్ముపాత్ర నా వైపు చాచి
"అలావెర్ది, మల్ఖాజ్! ఇక మాట నీది" అన్నాడు.

కుతైసీ బస్సులో వారంపాటు వల్లించిన వాక్యం:
ఈ బిడ్డ పాదాల కింద దారులన్నీ మెత్తబడాలి.
లేచి నిలబడగానే
గొంతులో పచ్చి వెలక్కాయ.
"పాదాలు..." అన్నాను.
"పాదాలు, మెత్తగా..."
ఎక్కడో ఫోర్కు పళ్లెంమీద పడింది.
"గౌమార్జోస్!" అని అరిచి తాగేశాను.
అందరూ అరిచారు. పాట అందుకున్నారు, మూడు గొంతుల పాట.
నాలుగోది నాది, మూసే ఉంది.

రాత్రి రెండు.
ఆవు నెమరేస్తే పాలైనా వస్తాయి.
నేను నమిలేది ఒక్కటే మాట, పాదాలు.
ఫోర్కు ఎవరిది? నవ్వింది గుర్గెన్ కొడుకేనా?
నా మీదా, ద్రాక్షసారాలో పడ్డ ఈగ మీదా?
అసలు ఈగ ఉందా?
మూడయ్యేసరికి విందులో యాభైమంది,
ఉన్నవి పదహారు కుర్చీలే.
నాలుగయ్యేసరికి
ఉయ్యాల్లో పసిది కూడా నన్నే చూస్తోంది.

పొద్దున చెత్తబకెట్టుతో దిగుతుంటే
రెండో అంతస్తులో త్సియాలా.
తప్పుకునేలోపే మోచెయ్యి పట్టుకుంది.
"చిక్కుడుగింజల కూరలో ఉప్పెక్కువైంది కదూ?
నిజం చెప్పు, రాత్రంతా కన్ను మూతపడలేదు."
నేను తిన్నానో లేదో కూడా గుర్తులేదు.
"మరి... నా పాదాలు?"
"ఏం, నొప్పులా?" అంది.

ఇద్దరం నవ్వాం.
ఆమె ఆపేశాక నేను ఇంకొంచెం నవ్వాను.
చెత్తకుండీ దాకా
ఆ ఇంకొంచెం ఎంతసేపో కొలుచుకుంటూనే నడిచాను.

అక్కడ చూసుకున్నాను:
బకెట్టు ఒంటిచేత్తోనే మోసుకొచ్చాను.
వణుకుతోంది. ఆమెకీ కనపడే ఉంటుంది.
ఉప్పు గురించి మాత్రం
జవాబే చెప్పలేదు.

వెనక్కి మెట్లెక్కుతున్నాను,
కూర బాగుంది,
కూర బాగుంది,
మెట్టుకోసారి వల్లిస్తూ.