నాలుగు గ్రాములు

నగరత్‌పేట కొట్లో మా నాన్న
గురివింద గింజ ఎత్తు తేడాకి
ముల్లు నిలిచేదాకా ఊపిరి తీసేవాడు కాదు.
నేనేమో యలహంక దాటాక ఎర్రమట్టి రేంజిలో
తూటాలు ఎంచుకుంటూ నిలబడ్డాను,
కుడి భుజం మీద వంకాయరంగు కమురుతో.

ఇరవై ఎనిమిది గ్రాముల డబ్బా పక్కకి జరిపి
పూణచ్చ సార్ తను నింపిన ఇరవై నాలుగువి ముందుకు తోశాడు.
"పళ్లెం పగలడానికి నాలుగు రవలు తగిల్తే చాలు.
మిగతా బరువంతా నీ భుజానికే."

తక్కువైతే తప్పిపోదా?
అడగలేదు. మా ఇంట్లో తక్కువ తూగడమంటే
మాట పోవడం.
కానీ ఆయన నింపే బల్ల చూశాను ఒకసారి:
ఖాళీ తొడుగులు, సీసపు రవలు, అరచేతంత త్రాసు,
ముల్లు నిలిచేదాకా ఆయనా ఊపిరి తీయలేదు.

"పుల్" అన్నాను.
నారింజ పళ్లెం తుమ్మల మీదుగా లేచింది.
ఈసారి తుపాకీ తన్నలేదు,
దిగాలి, కాస్త జరగమని
సిటీ బస్సులో పక్కావిడ తట్టినట్టు తట్టింది.
పళ్లెం పొడి!
రెండోది తప్పింది. మూడోదీ.
నాలుగోదానికి అంచు చిట్లింది,
సార్ దాన్నీ లెక్కలో వేశాడు.

వెచ్చటి తొడుగులు ఏరి ఆయన సంచిలో పోశాను.
వేళ్లకి మందు వాసన, ఇంటిదాకా.

నాలుగు గ్రాములంటే
నాన్న చేతిలో ఒక జత కమ్మలు.
నాకు, ఈ రాత్రి
కుడివైపుకి ఒత్తిగిలి పడుకోవడం.