నాలుగు బై పద్నాలుగు

బ్రాడీపేటలో అడ్రసులన్నీ భిన్నాలే.
లైను పైన, అడ్డరోడ్డు కింద.
నాలుగు బై పద్నాలుగు అంటే చాలు
ఆటో అతను ఇంకేం అడగడు.
నేనుండేది ఆ భిన్నంలో మళ్లీ ఒక ముక్క.
మూడంతస్తుల మీద రేకుల గది,
గోడకి ఆనుకుని నీళ్ల ట్యాంకు,
ట్యాంకు నీడలో గ్యాస్ పొయ్యి.

దీనికి ముందు తొమ్మిది గుమ్మాలు ఎక్కి దిగాను.
బ్యాచిలర్లకివ్వం అన్నవాళ్లు నలుగురు.
అరండల్‌పేటలో ఒకాయన కుర్చీ వేసి,
మంచినీళ్లిచ్చి, నెమ్మదిగా
"ఇంతకీ మీరేమిట్లు?" అన్నాడు.
నీళ్లు సగంలో వదిలి లేచాను.

సువార్తమ్మ దొరికింది టీ కొట్టు దగ్గర,
పెద్దాసుపత్రి గేటుకి ఎదురుగా.
ముప్ఫై ఒక్కేళ్లు ఆయాగా చేసింది, కాంట్రాక్టులోనే.
అరవై నాలుగేళ్లకి ఇప్పుడు
నర్సింగ్ హోముల్లో రాత్రిళ్లు
ఎవరి వాళ్లకో కాపలా కూర్చుంటుంది.
"ఎనిమిది వేలంట గది. నా దగ్గర నాలుగున్నాయి,
నీ దగ్గరెంతున్నాయే?"
పేరు తర్వాత అడిగింది.

చిట్‌ఫండ్ ఆఫీసులో నా జీతం పద్నాలుగు.
అద్దెకి నాలుగు.
అడ్రసుకి ముందే తెలిసినట్టుంది.

ఒకటే మంచం, రెండు డ్యూటీలు.
తెల్లారి ఆరున్నరకి డెట్టాల్ వాసనతో ఆవిడ వస్తుంది,
నేను లేస్తాను.
"దుప్పటి మడవకు, వెచ్చగా ఉంది" అంటుంది.
రాత్రికి నేను పడుకుంటే
పరుపులో ఆవిడ గుంట, నా నడుముకి సరిపోదు.
దిండుకి జండూబామ్.
ఒకరోజు విసుక్కుంది:
"రాత్రి పరీక్షేమన్నా రాశావా?
నాకు పగలంతా కలలో పెన్ను దొరకలేదు."

ఆదివారం వస్తేనే తంటా.
"నీ నడుం కొత్తది, నువ్వు కింద పడుకో" అనదు,
తనే చాప పరుస్తుంది.
మీ మోకాళ్లు అంటాను. నా మోకాళ్లు నా ఇష్టం అంటుంది.
చివరికి ఇద్దరం నేల మీద,
మంచం మీద ఆరేసిన బట్టలు.

ఫ్యాను ఆపేస్తుంది, కరెంటు బిల్లని.
నా ఫోను చార్జింగు లెక్క కూడా కడుతుంది.
ఓనరు శేషగిరి గారు తెనాలి వెళ్లిన రోజు మాత్రం
కిటికీలన్నీ మూసి ఎండుచేపలు వేయిస్తుంది,
ఇద్దరం దొంగల్లా తింటాం.

మిర్చి సీజన్లో ఓ పొద్దున
తుమ్ముకుంటూ మెట్లెక్కి వచ్చాడాయన.
అద్దె కాగితంలో రాయాలట,
"ఆవిడ నీకేమవుతుందమ్మా?"

నేను వెతుక్కున్నాను.
పిన్ని కాదు. మేనత్త కాదు.
తోడల్లుడికి మాటుంది మన భాషలో,
వియ్యపురాలి ఆడబిడ్డకైనా ఏదో వరస కలుస్తుంది,
ఒక తాళంచెవిని ఇద్దరు దాచుకునే
కొబ్బరిచిప్ప కింది చోటుకి మాత్రం
చుట్టరికం పేరేదీ తట్టలేదు.

మంచం మీంచి, కళ్లు తెరవకుండానే,
సువార్తమ్మ జవాబు:
"దానికి నేను నాలుగు వేలవుతానండీ.
నాకది నాలుగు వేలవుతుంది."

ఆయన నవ్వాడు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు.
"అయితే జూన్ నుంచి
ఒకరికొకరు ఐదేసి అవుతారు" అని దిగిపోయాడు.

మెట్ల మీద ఆయన తుమ్ము ఆగాక
సువార్తమ్మ లేచి కూచుంది.
వేళ్ల మీద లెక్క పెట్టింది,
డబ్బు కాదు, గంటలు.
"మూడింటి నుంచి పది దాకా మంచం ఖాళీయేగా?"

ఆ వేళకి నిద్రపోయేదెవరు?

"యార్డులో తెల్లారగట్ల తూకాలు రాసే పిల్లుంది, షహనాజ్ అని.
ఇల్లు దొరక్క అక్క వాళ్ల వరండాలో పడుకుంటోంది."

దాని బట్టలకి ఘాటుంటుంది మరి, తుమ్ములొస్తాయి.

"రానీ" అంది, దిండు తిప్పి వేసుకుంటూ,
"మూడో వంతేగా."