పాచికి బూజు

తుంటి ఎముక మార్పించుకోవడానికి
అకురేరి ఆసుపత్రికి వెళ్తూ
నా తమ్ముడు ఐవిందుర్
నాకు రెండే అప్పగించాడు.
పడవషెడ్డు తాళం,
కిటికీలో గాజుసీసా.

సీసాలో పిడికిలంత పచ్చని ఉండ.
మీవత్న్ సరస్సు అడుగున ఇలాంటివి ఒకప్పుడు
మందలు మందలుగా వెలుతురు మేసేవి.
మా నాన్నల వలలకు
చేపకన్నా ముందు ఇవే తగిలేవి.
విసుక్కుని "ఉండపెంట" అన్నారు.
తిట్టే పేరై నిలిచింది.
ఉండలు నిలవలేదు.

ఇది మాత్రం చట్టం రాకముందు వలలో పడ్డది.
ఐవిందుర్ దగ్గర ముప్ఫై ఏళ్ళుగా ఉంది.
అతని పెళ్ళి ఏడేళ్ళు ఉంది.

మూడోవారం
దాని నెత్తిన తెల్లగా ఏదో.
మంచు అనుకున్నాను,
ఈ ఊళ్ళో తెల్లనిదేదైనా ముందు మంచే.
కళ్ళజోడు పెట్టుకుంటే నూగు,
ముసలిపిల్లి గడ్డంలా.
పాచి కడగడమంటే
పళ్ళదో గిన్నెలదో అనుకున్నాను ఇన్నాళ్ళూ.
ఇప్పుడు పాచికే బూజు.

సీసా అడుగున నల్లగా, నాని, మెత్తగా తునకలు.
రొట్టె.
వేడినేలలో పాతిపెట్టి
రాత్రంతా ఉడకనిచ్చే మా రై రొట్టె.

పక్కింటి కోల్‌బైన్‌ని పిలిచాను. ఆరేళ్ళవాడు.
"దానికెవరూ ఏమీ పెట్టట్లేదు" అన్నాడు,
నేరం నాదే అన్నట్టు.

చేతులు కడుక్కున్నాను,
సబ్బు వాసన పోయేదాకా మళ్ళీ కడుక్కున్నాను.
చన్నీళ్ళ కుళాయి కింద పట్టాను.
వేడినీళ్ళ కుళాయిలో గంధకం, కుళ్ళిన గుడ్డు కంపు,
మాకు అలవాటే, దీనికి పడదు.
ఉన్ని స్వెట్టరు పిండినట్టు పిండాను,
మెలి తిప్పకుండా.
గోధుమరంగు నీళ్ళు. మళ్ళీ పిండాను.
మళ్ళీ గోధుమరంగే.

పట్టకారుతో నూగు పీకితే
కింద పచ్చ లేదు.
బూడిదరంగు జిగురు. వేలు దిగిపోయింది.
నలభై ఏళ్ళు చేపల కడుపులు చీల్చిన చెయ్యి
కత్తెర పట్టుకుని ఆగింది.
కుళ్ళినంత మేరా కోశాను.
చుట్టూ గోరంత మంచిదీ కోశాను.
జాలిపడి వదిలిన చోటే
తిరిగి మొదలవుతుంది.

పుండు కడిగే పెరాక్సైడ్ మందు
బాగా పలచన చేసి, గిన్నెలో రెండు నిమిషాలు.
బూజు మిగిలినచోట బుసబుసమంది.
మళ్ళీ చన్నీళ్ళు.
సీసాని ఉప్పేసి తోమాను, లోపలా బయటా.
మిగిలినదాన్ని అరచేతుల మధ్య
దారపుండలా దొర్లించి దొర్లించి చూస్తే
బాతుగుడ్డంత.

రాత్రి ఫోను.
"ఎలా ఉంది?"
"నీ తుంటి ఎలా ఉందో చెప్పు."
"నేనడిగింది..."
"బాగుంది."

కోల్‌బైన్‌కి జీతం లేని ఉద్యోగమిచ్చాను.
వారానికోసారి నీళ్ళు మార్చేటప్పుడు పక్కన నిలబడాలి.
ఎండ సూటిగా పడితే సీసా జరపాలి.
రోజూ ఒకసారి ఉండని దొర్లించాలి,
ఒకే పక్కన పడి ఉంటే
ఎవరి ఒళ్ళైనా పుండవుతుంది.
జేబులు బయట ఖాళీ చేసి లోపలికి రావాలి.

"మరి ఏం తింటుంది?"
"వెలుతురు. అదీ కొంచెమే."
వాడు కిటికీలోంచి చూశాడు.
డిసెంబరు. మూడైనా కాలేదు, చీకటి పడింది.
"మన దగ్గర లేనిది అదే కదా" అన్నాడు.
ఒక బల్బు కొన్నాను.

ఐవిందుర్ చేతికర్రతో వచ్చాడు.
కోటు విప్పకుండానే సీసా దగ్గరికి.
వలకన్ను కొలిచే పుల్ల తీసి
గాజుకి ఆనించి చూశాడు,
పుల్ల తిప్పి మరోసారి చూశాడు.
"చిక్కింది" అన్నాడు.

కోల్‌బైన్ నా వెనక్కి జరిగాడు.
నేను రొట్టె కోస్తున్నదాన్ని
కోస్తూనే ఉన్నాను.