నెలలు నిండిన లెక్క

మా బ్రాడీపేటలో వీధులకు పేర్లుండవు, భిన్నాలుంటాయి.
నాలుగు బై పద్నాలుగు నా ఆఫీసు.
దాలమ్మగారుండేది ఆరు బై పదకొండులో,
మేడ మీద, నీళ్ళ ట్యాంకు నీడన రెండు గదులు.
మా ఇద్దరి మధ్యా మూడు అడ్డరోడ్లు, ఒక సముద్రం.

పుట్టింది తైపింగులో.
ముప్ఫై నాలుగేళ్ళు అక్కడి సర్కారు ఆసుపత్రిలో
పురుళ్ళు పోసింది.
రిటైరయిన రోజు రాత్రి పెన్సిలు చెక్కుకుని లెక్క వేసింది:
ఒక రింగిట్టు, ఇక్కడ పద్దెనిమిది రూపాయలు.
"అంతే బాబూ. ఇంకే కతా లేదు."
తాతల నేల, మట్టివాసన అని నేనేదో అనబోతే
"మా తాత పలాస కాడోడు. గుంటూరు పేరే ఇనుండడు ఆడు.
ఇక్కడ అద్దె తక్కువన్నారు, వచ్చీసినాను లా."

మాట చివర ఆ 'లా' అక్కడి పలుకుబడి.
నాకు మాత్రం ప్రతిసారీ
చట్టమే వినిపిస్తుంది.

అరండల్‌పేటలో దిగినప్పుడు అద్దె ఏడువేలు.
రాజధాని వస్తోందన్నారు, తొమ్మిదయింది.
ఆగిపోయిందన్నారు, తొమ్మిదే.
మళ్ళీ వస్తోందన్నారు, పద్నాలుగు.
"వచ్చినా పెరుగుతాది, ఆగినా దిగదు.
దిగడం దానికి నేర్పనేదెవరూ."
నిరుడే సామాను రిక్షాబండికెత్తి ఈ మేడెక్కింది.
యార్డు వైపు గాలి తిరిగితే ఘాటు ఉచితం.
మిరప్పొడి మాత్రం కాదు.

ఇవాళ మైలో డబ్బా తెచ్చి నా బల్ల మీద బోర్లించింది.
బీపీ మాత్రల చీటీలు, బ్యాంకు కాగితాలు,
నాలుగు మడతల కరెంటు బిల్లు.
ఒక వరస మీద వేలు పెట్టి "ఇదేటి?"
ట్రూఅప్.
చెప్పాను:
మూడేళ్ళ కింద కాల్చిన కరెంటుకి
అప్పుడు తక్కువ తీసుకున్నారట,
ఆ తేడా ఇప్పుడు కట్టమంటున్నారు.
"మూడేళ్ళ కింద ఆ ఇంట్లో నాను లేను గదా."
"మీటరుంది కదమ్మా."

కాసేపు ఫ్యాను చప్పుడు.
"మరప్పుడెవులున్నారు?"
కోచింగు కుర్రాళ్ళు నలుగురు, చీమకుర్తి వైపు వాళ్ళు.
తెల్లవార్లూ లైటు వేసి చదివేవాళ్ళని
ఓనరు గొణగడం నాకు గుర్తు.
"పాసయినారా?"
తెలీదన్నాను.
"పాసయ్యుంటే పరవానేదు. కట్టీస్తాను."

పాస్‌పోర్టు తెరిచి ముద్రలు లెక్కపెట్టాను.
ఎందరు తల్లులకు తొమ్మిది నెలలు లెక్కగట్టిందో ఈవిడ,
ఇప్పుడు నేను
ఈవిడ ఆరు నెలలు వేళ్ళ మీద లెక్కిస్తున్నాను.
నూట ఎనభై రెండు రోజులుంటే
ఈ దేశపు లెక్కలో ఇక్కడి మనిషే.
అక్కడి డిపాజిట్టు వడ్డీ కూడా ఇక్కడ రాయాలి,
ఫించను సంగతి రెండు దేశాల ఒప్పందం తీసి చూడాలి.

"ఎన్నొచ్చినాయి?"
"రెండొందల పంతొమ్మిది."
"అయితే నెలలు నిండిపోయినాయి," అంది,
నవ్వకుండా,
ఏ తల్లికో చెప్పినట్టే.

నా ఫీజు చెప్పాను.
ఈ ఏడు అయిదొందలు పెంచాను.
మా ఓనరు కూడా రాజధాని మాటే ఎత్తాడని
ఆవిడతో అనలేదు.
కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది.
రసీదు అడిగింది.
మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి,
ఆ నలుగురు కుర్రాళ్ళ సంగతి
ఎలాగైనా కనుక్కుని చెప్పమంది.