రోజు విడిచి రోజు

నా వయోలాకి నలభై రెండు గళ్ల పొడవునా
ఒకటే స్వరం రాసింది కెజియా.
స్వరమనడం కూడా మర్యాదకే.
కమాను తీగను తాకీ తాకనట్టు,
వేలు నొక్కీ నొక్కనట్టు.
పైన పెన్సిలుతో ఒక్క మాట: గాలి.

"ఇదేం వాయించడం, దగ్గడమా?" అన్నాను.
"దగ్గడమే," అంది రబ్బరు ముక్క కొరుకుతూ.
"నీళ్లకు ముందు నల్లా దగ్గుతుందే, అది నువ్వు."

వారాసిగూడలో వాళ్ల సందుకి
రోజు విడిచి రోజు నీళ్లు.
తెల్లారగట్ల మూడున్నరకో, నాలుగుంబావుకో,
లైన్‌మన్ నిద్రలేచిన దాన్నిబట్టి.
ముందు గొట్టంలో గాలి మూలుగుతుంది
గొంతు సవరించుకుని ఏం చెప్పాలో మరిచిపోయిన
పెద్దమనిషిలా.
తర్వాత రెండు తుప్పు చుక్కలు.
తర్వాత ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడమే రెండో భాగం, అంటుంది కెజియా.

తార్నాకలో బెంజమిన్ మాస్టారి మేడ గదిలో మా సాధన.
ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతాయి,
ఆపితే చెమటకి వేళ్లు జారతాయి.
చెల్లో ఫర్హీన్‌ది. మలక్‌పేట నుంచి మెట్రోలో
పెళ్లికాని అక్కను తీసుకొచ్చినట్టు
జాగ్రత్తగా పక్కన నిలబెట్టుకుని వస్తుంది.
లోపల ఏముందని గార్డు రోజూ అడుగుతాడు.
"బాజా, భయ్యా." రోజూ అదే జవాబు.

ఫర్హీన్ వంతు డ్రమ్ము నిండటం.
నీలం ప్లాస్టిక్ డ్రమ్ము.
అడుగున బొంగురుగా మొదలై
నిండేకొద్దీ సన్నబడుతూ పైకి పాకే గొంతు.
పదమూడుసార్లు ఫోన్‌లో రికార్డు చేసుకుంది కెజియా.
పద్నాలుగోసారి వాళ్లమ్మ కసిరింది,
"వింటూ కూసుంటే నిండదే, పైపు పట్టు!"
ఆ కసురు మొదటి వయొలిన్‌కి, హిమజకి దక్కింది.

యాదగిరికి మాత్రం ఎదురింటివాళ్ల మోటారు.
గొట్టానికే బిగించి
సందు మొత్తం నీళ్లు గుంజుకునే చప్పుడు.
"అంటే దొంగను నేనా?" అని రెండు వారాలు గొణిగాడు.
తర్వాత చక్కగా దొంగిలించడం నేర్చాడు.
నా గాలి ఎక్కడ మొదలైనా వచ్చి
లాగేసుకుంటాడు.

మాస్టారికి ముందు నచ్చలేదు.
నలభై ఏళ్లు చర్చిలో వాయించిన చెయ్యి ఆయనది.
"కొండ మీద రాయి, వెన్నెల మీద రాయి,
జలమండలి నల్లా మీద రాయడమేమిటమ్మా?"
కెజియా వాదించలేదు. ఒక తెల్లారగట్ల రమ్మంది.
మఫ్లరు చుట్టుకుని వచ్చి
వాళ్ల గుమ్మం మెట్టు మీద కూచున్నారాయన.
ఆ రోజు నీళ్లు రాలేదు.
ఐదున్నర దాకా అందరూ ఖాళీ బిందెల పక్కనే.
మర్నాడు సాధనలో ఆయన చెప్పిన మార్పు ఒక్కటే:
"రెండో భాగం చిన్నదైంది. పొడిగించు."

సికింద్రాబాద్‌లో ఒక స్కూలు హాలు.
ఎనభై కుర్చీలు, ముప్ఫై మంది, సమోసాల వాసన.
మూడో వరసలో కెజియా అమ్మ సునీతి గారు,
మడత విప్పని చీర, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు.
మొదటి భాగం అయింది. ఎవరో ఒక్కరే చప్పట్లు కొట్టి
సిగ్గుపడి ఆపేశారు.
నా గాలి మొదలైంది.

ఇరవయ్యో గడి దగ్గర ఆమె లేచి నిలబడింది.
బ్యాగు కింద పడింది.
కుడిచెయ్యి పక్కకు చాపి
బిందె మెడ కోసం తడిమింది.

అంతే. చుట్టూ చూసి కూచుండిపోయింది,
కొంగు నోటికడ్డం పెట్టుకుని.
నవ్విందో మరేమిటో,
వాయిస్తున్నాను కదా, సరిగ్గా చూడలేదు.
కెజియా అసలు చూడనేలేదు.
గోడవైపు తిరిగి, గోళ్లు కొరుకుతూ
గళ్లు లెక్కపెడుతోంది.

ఇంకా ఇరవై రెండు.
మోచెయ్యి లాగుతోంది.
నీళ్లు వస్తాయని నాకు తెలుసు,
తర్వాతి పేజీలో రాసి ఉంది.
నా కమానుకి మాత్రం
ఎవరూ చెప్పలేదు.